సీసం తీసిన తుపాకీ

కవాతులో తుపాకులు మోసి పిల్లల చేతులు లాగేస్తున్నాయని పెద్దసారు ఒక్కమాట అన్నాడు. అంతే, గార్డుల శిక్షణ కేంద్రం మెకానిక్ ఆరు రైఫిళ్లకి భుజానికి ఆనించే బట్‌లు విప్పి, లోపల బిగించిన సీసం కడ్డీలు లాగేశాడు. ఒక్కోటి కిలోకు పైగా తేలికైంది. పెద్దసారు శభాష్ అన్నాడు. ఆ ఒక్క శభాష్‌కే మెకానిక్ నోరు కుట్టుకుపోయింది.

ఆ సీసం సోకుకి పెట్టింది కాదని అతనికి తెలుసు. అక్కడ కాల్చేవి పాతకాలపు లావు తూటాలు. తూటా ఎంత ఊపుతో ముందుకు దూకితే తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. తుపాకీ బరువుగా ఉంటే భుజాన్ని నెడుతుంది, తేలికైతే గుద్దుతుంది. సన్న తూటాలైతే ఎలాగో ఓర్చుకోవచ్చు. లావు తూటాకి తేలిక తుపాకీ ఇస్తే భుజం ఏం కావాలి? సార్లకు పట్టని ఈ లెక్క మెకానిక్ చేతులకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు.

ఆ ఆరింటిలో ఒకటి అతని అన్న కూతురికే వచ్చింది. గార్డు ఉద్యోగం కోసం చేరిన పిల్ల. నాలుగు వారాల్లో భుజం వంకాయ రంగుకి తిరిగింది.

"ఇది తుపాకీయా, గాడిదా బాబాయ్? ఇలా తంతోందేంటి?"

"గట్టిగా ఆనించుకోవే. వదులుగా పట్టుకుంటే తన్నదా మరి!"

తప్పు తనది, చీవాట్లు పిల్లకి. అయినా నోరు విప్పలేదు.

చివరి పరీక్షలో ఇరవై తూటాలకు నాలుగే తగిలాయి.

"ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసేస్తోంది. దీనికి తుపాకీ ఎందుకు, గరిటె ఇస్తే పోలా!" అంటూ కాల్పులు నేర్పే కోచ్ జాబితాలో పేరు కొట్టెయ్యబోయాడు.

"ఆగండి సార్," అన్నాడు మెకానిక్. "తప్పు పిల్లది కాదు. సీసం తీసింది నేను. తన్నుతుందని తెలిసే తీశాను."

అక్కడే ఉన్న పెద్దసారు మొహం మాడిపోయింది. "నేను తేలిక చెయ్యమన్నాను గానీ, పిల్లల భుజాలు విరగ్గొట్టమన్నానా? రేపట్నుంచి రాకు."

"రాను సార్. దానికి ఇంకో అవకాశం ఇవ్వండి చాలు."

సీసం తియ్యని రైఫిల్, పది తూటాలు తెప్పించారు. పిల్ల బోర్లా పడుకుని గురి చూసింది. కాల్చింది. తగల్లేదు. మళ్లీ కాల్చింది. మళ్లీ అంతే. ప్రతిసారీ వేలు కదలకముందే కన్ను మూతపడుతోంది.

"ఇది తన్నదే తల్లీ, ఊరికే నెడుతుందంతే. కళ్లు తెరిచి కాల్చు," అన్నాడు పక్కన గొంతుక్కూచుని.

"నాకు తెలుస్తోంది బాబాయ్. కంటికే తెలీట్లేదు."

పదో తూటా కూడా మట్టిలోకే పోయింది. కోచ్ ఈసారి ఎగతాళి చెయ్యలేదు, పేరు మాత్రం కొట్టేశాడు.

పిల్ల లేచి దుమ్ము దులుపుకుంది.

"రోజూ నా భుజం చూస్తూనే ఉన్నావు కదా బాబాయ్," అంది. గొంతులో కోపం కూడా లేదు.