తండ్రి ఒప్పుకున్న తప్పు

వేట నుంచి వచ్చి ఇసుక మీద వల ఆరేస్తుంటే రాముడికి ఫోను వచ్చింది. చేసింది కూతురి కాలేజీ కబడ్డీ కోచ్ తిరుమలరావు.

"రాముడూ, వెంటనే బయల్దేరి రా. హాస్టల్లో జూనియర్ పిల్ల చెయ్యి మీ రాణి విరగ్గొట్టేసిందంట. ర్యాగింగ్ అని ఫిర్యాదు వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కమిటీ వేశారు."

రాముడి చేతిలోంచి వల జారిపోయింది. రాణి చెయ్యి విరగ్గొట్టడమా! ఆటలో నలుగురు మీద పడి పట్టుకున్నా విదిలించుకుని గీత దాటే పిల్లే గాని, ఇంట్లో మేకపిల్లని గట్టిగా అదిలించి ఎరగదు.

"ఈ మధ్యాహ్నమే మన టీము బస్సు విజయనగరం పోతాంది," అన్నాడు కోచ్. "యూనివర్సిటీ జట్టుకి ఎంపికలు. ఈ గొడవ తెమిల్తేనే రాణిని బస్సెక్కించగలను."

సంగతి విన్న పెళ్ళాం అసిరమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఈ గుంట ఎంత పని సేసినాది!" అని ఏడుస్తూనే గంగమ్మ పటం దగ్గర కుంకుమ తీసి మొగుడి నుదుట పెట్టింది. "ఎల్లగానే తప్పయిపోనాదని సెప్పీ. ఆల్లు నోరు తెరవకముందే సెప్పీ."

"నాకు తెల్దేటే? ఎన్ని తగువులు సూసినాను!"

ఆ ఊరి మత్స్యకారుల్లో పద్ధతి అదే. పెద్దలు కూర్చున్నప్పుడు, ఎవరి మీద మాట వచ్చిందో ఆ ఇంటి యజమాని ముందుగా లేచి తువ్వాలు నేల మీద పరిచి తప్పయిపోయిందంటాడు. చేశాడా లేదా అని ఎవరూ తవ్వరు. పెద్దలు తప్పు, అంటే జరిమానా, ఇన్ని కొబ్బరికాయలని వేస్తారు. అవి అమ్మవారి ముందు కొట్టి, రెండిళ్ళ వాళ్ళూ పక్కపక్కన కూర్చుని టీ తాగుతారు. తెల్లారితే ఇద్దరూ ఒకే పడవ ఎక్కాలి కదా. నడిసంద్రంలో ఒకడి ప్రాణం ఇంకొకడి చేతి తాడుకి వేలాడుతున్నప్పుడు, కడుపులో కక్ష మిగలకూడదు. చెయ్యని తప్పు నెత్తినేసుకున్నవాణ్ణి అక్కడ పెద్దమనిషి అంటారు. ఒప్పుకున్నాక మాట వెనక్కి తీసుకున్నవాణ్ణి మాత్రం మళ్ళీ ఏ పడవలోనూ ఎక్కనివ్వరు.

శ్రీకాకుళంలో బస్సు దిగి రాముడు కాలేజీకి దాదాపు పరుగెత్తాడు. ప్రిన్సిపాల్ గదిలో పెద్ద బల్ల వెనక ప్రిన్సిపాల్ సూర్యారావు, ఆయన పక్కన లెక్కలు చెప్పే శైలజ మేడం, మరో ఇద్దరు మాస్టార్లు కూర్చున్నారు. ఇవతల చెయ్యి విరిగిన దీపిక తండ్రి జయకృష్ణ. ఊళ్ళో పేరున్న బట్టల కొట్టు ఆయనది. గోడవారగా రాణి నిలబడి ఉంది. బస్సుకి సిద్ధమై కాలేజీ జెర్సీ తొడుక్కుని ఉంది.

ప్రిన్సిపాల్ "నువ్వేనా..." అంటూండగానే రాముడు తువ్వాలు పరిచి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"తప్పయిపోనాది బాబూ. నా కూతురు తప్పు సేసీసినాది. కడుపులో పెట్టుకోండి."

"నాన్నా! ఏటది? లే!" రాణి కేక పెట్టింది.

"నువ్వు నోర్ముయ్యే గుంటా. పెద్దోల్ల ముందు ఏటా అరుపులు?"

సూర్యారావు మిగతావాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారుగా. కన్నతండ్రే ఒప్పుకున్నాడు. ఇంక విచారించడానికి ఏముంది? రాయండి. ఏడాది పాటు కాలేజీ నుంచి సస్పెన్షన్. హాస్టల్ ఈరోజే ఖాళీ చెయ్యాలి. కాలేజీ పేరు మీద ఏ ఆటా ఆడకూడదు."

రాముడికి ఆ మాటలు చెవిన పడ్డాయి గాని లోపలికి దిగలేదు. ఇంకా తలవంచుకునే ఉన్నాడు. "తప్పెంత బాబూ?" అన్నాడు.

"తప్పెంత అంటే?"

"అదే బాబూ, ఏటి కట్టమంటారని. కొబ్బరికాయలైతే ఇప్పుడే తెస్తాను."

జయకృష్ణ కుర్చీలోంచి లేచిపోయాడు. "కొబ్బరికాయలేటయ్యా! ఇది చేపల బేరం అనుకున్నావేటి? నా కూతురి చెయ్యి అది! కట్టు కట్టించుకుని ఇంట్లో ఏడుస్తాంది!"

అప్పుడు అర్థమైంది రాముడికి.  ఇక్కడ ఎవరూ టీ తాగించరు. తగువు తీరలేదు. తన నోటి మాటే కూతురి మెడకి తాడైంది.

వరండాలోకి వచ్చాక రాణి ఏడవలేదు. తండ్రిని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఇది మనూరనుకున్నావేటి నాన్నా? అక్కడ ఒప్పుకుంటే వదిలేస్తారు. ఇక్కడ ఒప్పుకుంటే పట్టుకుంటారు."

"కోపం సల్లారతాదనుకున్నానమ్మా."

"ఫిర్యాదులో ఏటున్నాదో నాకు సదివి ఇనిపించనేదు. ఏటైనాదని ఆల్లు అడగనేదు. సరే, ఆల్లు పరాయోల్లు. నువ్వడిగినావా?"

రాముడు జేబు తడుముకున్నాడు.  ఫోను జేబులోనే ఉంది. దారి పొడుగునా బస్సులో కూర్చునే వచ్చాడు. "ఏటైనాదమ్మా" అని ఒక్కసారి అడగాలని తోచలేదు. శ్రీకూర్మంలో స్వామి ముందు ఎంత పాపాత్ముడు నిలబడినా, వాడి మొర వాడే చెప్పుకుంటాడు. అర్చకుడు గోత్రం అడుగుతాడు, పేరు అడుగుతాడు, అంతే. దేవుడే అలా వింటుంటే, తను కూతురి నోట్లో మాట ఎందుకు లాగేసుకున్నట్టు?

"ఇప్పుడు సెప్పమ్మా. నువ్వు సేసినావా?"

"నీకు సెప్తే ఏటి లాభం? లోపల సెప్పాల."

రాముడు మళ్ళీ గది గుమ్మం దాకా నడిచాడు. అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అన్న మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకున్న ఒకణ్ణి ఊరు ఎలా చూసిందో తెలుసు. అయినా తలుపు తోశాడు.

"బాబూ, ఇందాక నానన్నది అబద్ధం."

గదిలో అందరూ తలెత్తారు.

"చూశారా, చూశారా!" జయకృష్ణ బల్ల మీద చరిచాడు. "గుమ్మం దాటి వచ్చేసరికి నాలిక మడతేశాడు. అయితే మీ అమ్మాయి చెయ్యలేదంటావు?"

"తెల్దు బాబూ."

"తెలీదా!"

"నాను సూల్లేదు. దాన్ని అడగనూ నేదు. మా ఊల్లో ఇలాగే సెప్తాం, సెప్పీసినాను. నాకు తెలిసినట్టు సెప్పినాను సూడండి, అదే అబద్ధం."

సూర్యారావు ముఖం ఎర్రబడింది. "ఒకసారి రాసేశాం. నీ ఇష్టమొచ్చినట్టు మార్చడానికి..."

"సార్," అంది శైలజ మేడం మెల్లగా. "ఫిర్యాదు చదివి వినిపించి, ఆ పిల్ల చెప్పేది వినాలని మన నిబంధనల్లోనే ఉంది. మనం తండ్రి మాట విన్నాం. రాణి మాట వినలేదు."

 సూర్యారావు విసుగ్గా ఫిర్యాదు పైకి చదివాడు. స్నానాల గదుల దగ్గర రాణి దీపిక చెయ్యి పట్టి లాగి పడేసింది, మణికట్టు విరిగింది. అంతే ఉంది అందులో.

"చెప్పు. నువ్వు లాగావా?"

"లాగినాను సార్," అంది రాణి.

 జయకృష్ణ "అదిగో!" అన్నాడు. ప్రిన్సిపాల్ కాగితం పక్కన పడేయబోయాడు. శైలజ మేడం చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎందుకు లాగావమ్మా?"

ఆరోజు మొత్తం మీద ఆ మాట అడిగినవాళ్ళు ఆవిడొక్కరే.

"పాక్టీసు నుంచి వచ్చినాను మేడం. నలుగురు సీనియర్లు దీపిక సేత గుంజీలు తీయిస్తన్నారు. ఆ పిల్ల వెక్కిల్లు పెట్టి ఏడుస్తాంది. సెయ్యట్టుకుని ఇవతలికి లాగినాను. కింద సబ్బునీల్లు. జారి పడిపోనాది." రాణి తన అరచేతులు చూసుకుంది. "నా సెయ్యి మొరటు మేడం. అంత ఇసురుగా లాక్కుండా ఉండాల్సింది. అది మటుకు నా తప్పే."

 "ఎవరు లాగారే అని మా పిల్లనడిగాను," అన్నాడు జయకృష్ణ, ఎవరితోనో తెలీకుండా. "రాణక్క అంది. ఇంకేదో చెప్పబోయింది. నేను వినకుండా ఇలా వచ్చేశాను." ఫోను తీసి ఇంటికి కలిపాడు. "దీపికని తీసుకుని కాలేజీకి రండి. ఆ, ఇప్పుడే."

సూర్యారావు ఉత్తర్వు కాగితాన్ని రెండుగా మడిచాడు. "ఇది ఇప్పుడు పంపం. ఆ నలుగుర్నీ పిలిపించండి. దీపిక వచ్చాక అందర్నీ అడుగుదాం."

రాణి ఒక్కసారిగా ముందుకొచ్చింది. "మరి నా బస్సు సార్?"

సమాధానం కోచ్ తెచ్చాడు. తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు. "చాలాసేపు ఆపించాను. ఇంక ఆగం అని బస్సువాళ్ళు వెళ్ళిపోయారు రాణీ."

ఇప్పుడు వేరే బస్సెక్కినా, చేరేసరికి ఎంపికలు అయిపోతాయి. మళ్ళీ ఏడాదికి గాని రావు. రాముడు ఆ మాట విని గోడకి జారబడి నేల మీద కూలిపోయాడు. తన తొందరే లేకపోతే ఈపాటికి కూతురు బస్సులో ఉండేదేమో. ఉండేదో లేదో, అదీ ఆయనకి తెలీదు.

రాణి కిటికీలోంచి ఖాళీ రోడ్డు కేసి చూసింది. జెర్సీ అంచుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత వచ్చి తండ్రి జబ్బ పట్టుకుంది, ఈసారి మెల్లగా.

"లే నాన్నా. అలా కుర్సీలో కూకో. దీపిక వస్తాది. ఆ పిల్ల ఏటంటాదో అదీ ఇందాం."