కాజాలావిడ గడియ తీసింది

మేడ మీది వాటాలో ఉండే ఆమెను అందరూ కాజాలావిడ అనేవారు. కింది వాటాలోని టైలర్ చొక్కాల మూట ఆమె గుమ్మం ముందు పెట్టి వెళ్లేవాడు. అడుగుల చప్పుడు ఆగాక ఆమె తలుపు తీసి మూట లోపలికి లాక్కునేది. కాజాలు కుట్టి, బొత్తాలు వేసి మళ్లీ అక్కడే పెట్టేది. ఏళ్ల తరబడి ఆమె మొహం చూసింది అన్నయ్య ఒక్కడే. సరుకులు అతనే తెచ్చేవాడు. నలుగురిలో కూర్చుంటే ఆమెకు ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టుండేది. ఒంటరిగా ఉంటే హాయి. అంతకుమించి రహస్యమేమీ లేదు.

ఆ ఉదయం తలుపు అవతల అన్నయ్య గొంతు వినబడింది.

“మా చెల్లికి మాట పడిపోయింది డాక్టర్‌గారూ. తిండి మానేసింది. మనుషుల్ని గుర్తుపట్టదు. మీ మానసిక రోగుల హోమ్‌లో చేర్చుకోండి. తలుపు తియ్యదు, పగలగొట్టాల్సిందే.”

సూది ఆమె వేలిలో దిగింది. నొప్పి తెలియలేదు. మాట పడిపోయిందా? మొన్ననేగా పాలు పొంగిపోయాయని ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నది! తలుపు సందులో గునపం మొన కనబడేసరికి ఒక్క ఉదుటున లేచి గడియ తీసింది.

గునపం పట్టుకున్న మనిషి కెవ్వుమని వెనక్కి గెంతాడు. డాక్టర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

“నాకు మాటలొచ్చు,” అందామె. “పొద్దున్నే తిన్నాను. ఈయన మా అన్నయ్య. జనంలో ఉండలేను, అంతే. అది జబ్బో కాదో చూడాలంటే నన్నడగండి. నా సంగతి ఆయన్నడక్కండి.”

డాక్టర్ అన్నయ్య వైపు తిరిగాడు. “ఏమిటండీ ఇది?”

అన్నయ్య మొహంలో నెత్తుటిచుక్క లేదు. “నాకేమన్నా అయితే దీన్నెవరు చూస్తారండీ? ఉన్నదున్నట్టు చెబితే మీరు రారు కదా!”

“ఆ భయమేదో నాతో చెప్పకుండా, నా నోరు పడిపోయిందంటావా అన్నయ్యా?”

డాక్టర్ ఆమెకు క్షమాపణ చెప్పి, గునపం మనిషిని తీసుకుని దిగిపోయాడు. వాళ్ల వెనకే అన్నయ్యా వెళ్లిపోయాడు.

ఆ రోజంతా ఒక్క కాజా తిన్నగా రాలేదు. తోడబుట్టినవాడు అంత మాట ఎలా అనగలిగాడో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

వారం తర్వాత తలుపు అవతల అన్నయ్య గొంతు.

“లోపలికి రానా?”

ఆమె నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.

“ఇవాళ వద్దు,” అంది. “ఎల్లుండి రా.”

“సరేనమ్మా. సరుకుల సంచి ఇక్కడ పెడుతున్నా.”