పేరిశాస్త్రిగారి ఇంగ్లీషు చదువు

వసంతము నిండుయౌవనమున నుండెను. సాగరతరంగశీకరములను మోసికొనివచ్చు ప్రభాతపవనము వేపపూల పరిమళమునుగూడ మూటగట్టి బందరుపట్టణపు వీథివీథికిని బంచుచుండెను. బాలభానుకిరణములు పెంకుటిండ్ల చూరులనుండి జారి యరుగులమీది ముగ్గులకు బసిడిపూత పూయుచుండెను. నవపల్లవాస్వాదనమత్తములయిన కోకిలములు మామిడికొమ్మలనుండి యొకదానికొకటి బదులు చెప్పుచుండెను. సకలప్రాణికోటియు హర్షమున నోలలాడు నా శుభవేళయందు అవధానుల పేరిశాస్త్రిగారొక్కరు మాత్రము తమ యింటి యరుగుపై దల వంచుకొని చింతాక్రాంతులయి కూర్చుండియుండిరి.

వ్యాకరణాలంకారశాస్త్రపారంగతులును ధారణాశక్తియందసమానులును నగు నా శాస్త్రిగారు పట్టణమునందలి యొక యున్నతపాఠశాలలో జిరకాలమునుండి సంస్కృతము బోధించుచుండిరి. ఆ పాఠశాలకు నూతనముగా వచ్చిన యధికారులు భాషాపండితులెల్లరును గ్రీష్మాంతమున జరుగు నింగ్లీషుపరీక్షయందుత్తీర్ణులు గావలయుననియు గానివారు కొలువు విడువవలయుననియు నాజ్ఞాపించిరి. శాస్త్రిగారు కొలువు విడిచినచో మఱియొక పండితుని నియమించు నుద్దేశ మధికారులకు లేదు. సంస్కృతపు తరగతియే మూతపడును. తమ బ్రతుకుదెరువునకంటె నా తరగతి మూతపడుటయే శాస్త్రిగారి హృదయమును గోసివేయుచుండెను.

ఇంగ్లీషు నేర్పగలవారు వారి యింటనే యుండిరి. వారి కోడలు జ్ఞానప్రసూన సామర్లకోట రైలుస్టేషనుమాస్టరుగారి యేకైకపుత్రిక. బాల్యమున దొరసానుల పాఠశాలలో జదివి యింగ్లీషున జక్కగా వ్రాయను మాటలాడను నేర్చినది. ఆమె పుస్తకములపెట్టెతో గాపురమునకు వచ్చిన నాడు శాస్త్రిగారే యా పెట్టెను బరీక్షించి మ్లేచ్ఛభాష మన యింట వినబడరాదని శాసించి దాని నటకమీది కెక్కించిరి. భర్త చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదువుచుండ నా సాధ్వి యత్తమామలకు శుశ్రూష యొనర్చుచు మఱచిపోవుదునేమో యను భయమున నప్పుడప్పుడు పొయ్యిముందు గూర్చుండి పెదవి మెదపక యింగ్లీషుమాటలను దనలో దానే వల్లించుకొనుచుండెను.

ఆ యుదయమున శాస్త్రిగారు చటాలున లేచి లోపలికి బోయి నిచ్చెన వేసికొని యటక యెక్కిరి. తలనిండ దుమ్ముతోడను భుజమున సాలెగూడుతోడను బెట్టెను దింపి కోడలి యెదుట నుంచిరి.

"అమ్మాయీ, దీన్ని అటకెక్కించింది నేనే, దించిందీ నేనే. నాకు ఇంగ్లీషు చెబుతావా?"

జ్ఞానప్రసూనకు గన్నులు చెమ్మగిల్లెను. అయినను దలుపు చాటున నిలిచి తడబడక యిట్లనెను.

"చెబుతానండీ మామయ్యగారూ. కాని తప్పయితే తప్పనే అంటాను. మీరు కోప్పడకూడదు."

"గురువును కోప్పడేవాడు శిష్యుడెలా అవుతాడమ్మా?"

చదువు మొదలయ్యెను. కోడలు ముందుగా నక్షరములను దిద్దించి కుండ, నీళ్లు, ఆకు, ఆవు మొదలగు చిన్నమాటలను నేర్పబూనెను. శాస్త్రిగారికవి యానలేదు. వారు పెట్టెలోని నిఘంటువును దీసి దొరికిన దీర్ఘపదములనెల్ల శ్లోకములవలె గూర్చి సంధ్యావందనానంతరము రాగయుక్తముగా వల్లింపసాగిరి. ఒకనాడు వారి సహధర్మచారిణి సోమిదేవమ్మగారు పూజామందిరమునుండి చేతులు జోడించుకొని వచ్చి "ఏ దేవుడి స్తోత్రమే అమ్మాయీ ఇది? కొత్తగా ఉందే!" యని యడుగగా గోడలు కొంగు నోటికడ్డముంచుకొని వంటయింటిలోనికి బరుగెత్తెను.

కొన్ని వారములు గడచినపిదప జ్ఞానప్రసూన మామగారిని వానను గూర్చి వ్రాయుడని కోరెను. శాస్త్రిగారు మధ్యాహ్నమంతయు శ్రమించి ఘనఘనాఘనగర్జితములకు దగిన బృహత్పదములనెల్ల సమకూర్చి యెక్కడను విరామము లేని యొకేయొక మహావాక్యమును రచించి తెచ్చి ప్రశంసను నిరీక్షించుచు నిలుచుండిరి. ఆమె దానిని రెండుమాఱులు చదివెను. బాగున్నదనిన మామగారు సంతసింతురు గాని పరీక్షయందోడుదురు. బాగులేదనిన నీ పెట్టె మరల నటకకెక్కవచ్చును.

"మామయ్యగారూ, ఇందులో మాటలున్నాయండీ. వాన పడలేదు."

శాస్త్రిగారి మొగము జేవుఱించెను. మహాపండితసభలయందు శాలువలు కప్పించుకొన్న యా మనీషి కాగితము నందుకొని యవలికి బోయిరి. నాటినుండి చదువు నిలిచిపోయెను. సోమిదేవమ్మగారు "నిజం చెప్పమన్నది మీరేగా!" యని భర్తను నిలదీసినను వారు పుస్తకము ముట్టలేదు. పరీక్ష సమీపించుచుండెను. జ్ఞానప్రసూన పెట్టెను మూసెను గాని తాళము మాత్రము వేయదయ్యెను.

అంతట నొక యపరాహ్ణమున గాలి స్తంభించి యాకసమంతయు నల్లబడి యకస్మాత్తుగా బ్రచండవర్షము గురిసెను. ముంగిట నెండుచున్న వడియములకొఱకు సోమిదేవమ్మగారు "అయ్యో అయ్యో" యనుచు బరుగెత్తిరి. కోడలును వెంట బరుగెత్తెను. శాస్త్రిగారు వసారాలో నిలిచి తడిసిన మట్టివాసనను గుండెలనిండ బీల్చుచు నా సంభ్రమమునంతను దిలకించిరి. తిలకించి తిలకించి యొక్కసారిగా లోనికిబోయి కలము చేతబట్టిరి. కొంతతడవునకు వంటయింటి గుమ్మమునొద్దనుండి వారి గొంతుక వినవచ్చెను.

"అమ్మాయీ, వడియాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

ఎన్నినాళ్లకో వినబడిన యా పిలుపునకు జ్ఞానప్రసూన మేను పులకరించెను.

"దానికి ఇంగ్లీషు లేదండీ మామయ్యగారూ. వడియమనే రాయండి."

"లేదా!" యని శాస్త్రిగారు బాలునివలె నుప్పొంగిరి. "అయితే దొరలకు మనమూ ఓ మాట ఇవ్వొచ్చన్నమాట!"

వారొసగిన కాగితమున నాలుగే వాక్యములుండెను. వాన వచ్చినది. నా భార్య పరుగెత్తినది. వడియములు తడిసినవి. ఆమె వానను దిట్టుచున్నది కాని నవ్వుచున్నది. జ్ఞానప్రసూన వానిని బైకి జదివి తెలుగున వివరింపగా సోమిదేవమ్మగారు తడిచీర పిండుకొనుచు "నా పరుగు దొరలకెందుకండీ!" యని మూతి ముడిచిరి. ఆ మూతిముడుపునందే నవ్వు తొంగిచూచుచుండెను.

"ఇప్పుడు పడింది మామయ్యగారూ వాన" యని కోడలనెను. శాస్త్రిగారు తల వంచి "ఆ రోజు నువ్వన్నది నిజమమ్మా. నాకే చెవికెక్కలేదు" అనిరి. ఆనాటినుండి వారిరువురును గంటికి గనబడిన ప్రతివస్తువునకును బేరడుగుచు బేరు చెప్పుచు నిల్లెల్ల సందడి గావించిరి.

పరీక్షాదినము వచ్చెను. వ్రాతపరీక్ష సుఖముగా ముగిసెను. పిమ్మట శ్వేతకేశుడగు నొక దొర శాస్త్రిగారిని దన సమ్ముఖమున గూర్చుండబెట్టుకొని ముచ్చటించుచు నడుమ ఐసికిల్ అనగా నేమియని యడిగెను. శాస్త్రిగారెన్నడును వినని మాట యది. సభలయందు దెలియని పదమెదురైనపుడు ధాతుప్రత్యయములను గల్పించి యేదో యొక యర్థమును సాధించుట వారికి వెన్నతో బెట్టిన విద్య. తెలియదను పలుకు వారి నోట నంతవఱకు వెలువడియుండలేదు. అలవాటుచొప్పున నొక వ్యుత్పత్తి నాలుకకొసకు వచ్చెను గూడ. వారొక్కక్షణము కన్నులు మూసికొని దానిని మ్రింగివేసి యింగ్లీషున నిట్లనిరి.

"నాకు తెలియదండీ. దయచేసి చెప్పండి."

దొర కనుబొమ్మలెత్తి చిఱునగవు నవ్వెను. తన దేశమున హేమంతకాలమునందు జూరులనుండి కాఱు నీరు జాఱకమున్నే గడ్డకట్టి గాజుసూదులవలె వ్రేలాడునని వివరించెను. శాస్త్రిగారి నేత్రములు వికసించెను. అది ముట్టిన జేతికెట్లుండునని యొక ప్రశ్న యడిగిరి. విఱిగి పడినపుడు చప్పుడగునాయని మఱియొకటి యడిగిరి. దొర పరీక్షను మఱచి తన బాల్యమున నట్టి సూదులను విఱిచి చప్పరించిన ముచ్చటలను జెప్పసాగెను. వెలుపల దమ వంతుకై వేచియున్న పండితులు లోపలినుండి వచ్చు నవ్వులను విని నివ్వెఱపడిరి.

ఉత్తీర్ణులయిరను వార్తతో నిలుసేరిన శాస్త్రిగారు చెప్పులైన విడువక జరిగినదంతయు నేకరువు పెట్టిరి. సోమిదేవమ్మగారు బుగ్గన వ్రేలుంచుకొని "తెలియదని చెప్పి పరీక్ష నెగ్గినవారిని మిమ్మల్నే చూశాను!" అనిరి. జ్ఞానప్రసూన నవ్వుచునే కన్నులొత్తుకొనెను.

మఱునాడు సంస్కృతపుతరగతిలో నొక ప్రౌఢకావ్యము నడుచుచుండ విద్యార్థులొక క్లిష్టపదమున కర్థమడిగిరి. శాస్త్రిగారు క్షణకాలమాలోచించి "తెలియదు నాయనలారా. రండి, కలిసి వెతుకుదాం" అనిరి. మఱుక్షణమున బీటలు చప్పుడు సేయ నందఱును లేచివచ్చి వారిని జుట్టుముట్టిరి. నెరసిన శిఖయు నల్లని క్రాపులును నొకే పుటపై నొఱసికొనుచు వంగియుండెను. నేర్చుకొనువాని హృదయమున జర ప్రవేశింపనేరదని యా దృశ్యమును జూచినవారెవ్వరికిని వేఱుగ జెప్పనక్కఱలేకపోయెను.