ఎడమవైపు కుర్చీలు

మా కోళ్ల ఫ్యాక్టరీలో ఏడు పాయింట్లు వస్తే ఉద్యోగం ఊడుతుంది. ఒక రోజు రాకపోతే ఒకటి, షిఫ్టు మధ్యలో వెళ్ళిపోతే అర. డాక్టరు కాగితం తెస్తే కొట్టేస్తారు, తేకపోతే జ్వరమైనా పురుడైనా ఒకటే లెక్క. ఆ గురువారానికి నా పేరు మీద ఆరున్నర ఉన్నాయి.

మంగళవారం రాష్ట్ర ఆరోగ్య శాఖ నుంచి ఒకామె ఫోన్ చేసింది. "వెర్లీన్ టబ్స్ మీరేనా? సిఫిలిస్ ఉన్నవాళ్ళొకరు మీ పేరు చెప్పారు. ఎవరో నేను చెప్పకూడదు. వెంటనే వెళ్ళి చూపించుకోండి" అంది. ఎవరని నేనూ అడగలేదు. నాకున్నది ఒక్క మగాడు, నా మొగుడు లెమ్యుయెల్. వాణ్ణి అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అదే జవాబు.

నాకప్పుడు రెండో నెల. లెమ్యుయెల్‌కి తప్ప ఎవరికీ తెలియదు. ఫోన్‌లో ఆమెకి చెబితే, "అయితే అసలు ఆలస్యం చేయకండి. ఆ జబ్బు బిడ్డకీ పాకుతుంది. ఇంజెక్షన్ పడితే ఆగుతుంది" అంది.

కౌంటీ ఆరోగ్య కేంద్రంలో ఆ జబ్బులు చూసేది గురువారం ఒక్కరోజే, ఒంటిగంట నుంచి మూడున్నర దాకా. మా షిఫ్టు అయ్యేది మూడింటికి. ఫ్యాక్టరీ నుంచి అక్కడికి నలభై నిమిషాలు. ఈ టైములు పెట్టినవాడెవడో ఎప్పుడూ కోడిని కోయలేదు. నేను పన్నెండింటికే కత్తి దించి బయటపడ్డాను. అర పాయింటు. కాగితం తేకపోతే ఏడు.

ఆ కేంద్రంలో ఒకటే హాలు. కుడివైపు కుర్చీలు కడుపుతో ఉన్నవాళ్ళకీ పసిపిల్లల తల్లులకీ ఇచ్చే పాల కూపన్లవాళ్ళకీ పిల్లల టీకాలవాళ్ళకీ. వాళ్ళకి నీలం చీటీ. ఎడమవైపు కుర్చీలు మాకు. పసుపు చీటీ. గుట్టుగా ఉండాలని పేరు పెట్టి పిలవరు, నంబరే పిలుస్తారు. ఏం గుట్టు? ఎడమవైపు కూర్చున్న ప్రతివాణ్ణీ ఊరంతా గుర్తుపడుతుంది. మా ఊరివాళ్ళం అందరం చేసే తెలివితక్కువ పనే నేనూ చేశాను. పసుపు చీటీ గుప్పిట్లో దాచుకుని కుడివైపు పోయి కూర్చున్నాను. చీటీ మీద పద్నాలుగు.

గోడ మీద రాసి ఉంది: మూడుసార్లు పిలుస్తాం, రాకపోతే వరుసలో ఆఖరికి. ఆఖర్న ముప్ఫై ఒకటో నంబరు వాడున్నాడు. నేనక్కడికి పడితే తలుపు మూసేస్తారు. కాగితం ఉండదు, ఏడూ నిండుతాయి, ఇంజెక్షన్‌కి మళ్ళీ గురువారమే.

"వెర్లీనా! నువ్విక్కడేంటి తల్లీ?"

మదర్ ఓడెల్. మా చర్చిలో ముందు వరసలో తెల్లటోపీతో కూర్చునే పెద్దావిడ. పాస్టరు కూడా ఆమె దగ్గినాక గానీ ప్రసంగం మొదలుపెట్టడు. మనవరాల్ని టీకాకి తీసుకొచ్చింది. తోపుడు బండి నా కాళ్ళకి ఆనించి పక్క కుర్చీలో దిగబడింది. నేను ఇరుక్కున్నాను. ఒకపక్క గోడ, ఒకపక్క మదర్, ముందు బండి.

"పాల కూపన్ల సంగతి కనుక్కుందామని వచ్చాను మదర్."

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆమె కళ్ళు నా పొట్ట మీద వాలాయి. "అయ్యో నా తండ్రీ! ఎన్నో నెలే? ఒక్క ముక్క చెప్పలేదేం? నాలుగేళ్ళుగా నీకోసం మోకాళ్ళు అరగదీసుకున్నానే!" సంచీలోంచి పిప్పరమెంటు తీసి నా చేతిలో పెట్టింది. పెడుతూనే రెండు చేతులూ పట్టేసుకుంది, గుప్పిటతో సహా. "కళ్ళు ముయ్యి. ఇప్పుడే, ఇక్కడే కృతజ్ఞత చెప్పాలి."

"మదర్, ఇక్కడెందుకు, ఆదివారం..."

"దేవుడికి ఆదివారమేంటే? ముయ్యి!"

మదర్ ప్రార్థన మధ్యలో లేచినవాళ్ళని మా చర్చిలో నేనెప్పుడూ చూడలేదు. ఒకసారి పొయ్యి మీద కూర మాడి పొగొచ్చినా ఎవరూ లేవలేదు. ఆమె శారా దగ్గర మొదలుపెట్టింది. తొంభై ఏళ్ళకి కడుపు పండిన శారా. తర్వాత బైబిల్లో ఆలస్యంగా తల్లులైనవాళ్ళంతా వరసగా, రిబ్కా వస్తుంది, రాహేలు వస్తుంది, హన్నా వస్తుంది, చివరికి ఎలీసబెతు. ఒక్కొక్కరికీ ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా "అవును ప్రభువా" అంటూ అందుకున్నారు.

రిబ్కా కవలల్ని మోస్తుండగా తలుపు తెరుచుకుంది. "పసుపు పద్నాలుగు!"

గుప్పిట్లో చీటీ చెమటకి మెత్తబడింది. నేను చెయ్యి లాక్కోబోయాను. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. పరిశుద్ధాత్మ నన్ను కదిలిస్తోందనుకుంది కాబోలు.

"ఈ గర్భాన్ని కాచు తండ్రీ! ఏ తెగులూ దీని దరికి రానీకు!"

"పసుపు పద్నాలుగు! ఉన్నారా?"

రాహేలు. బిడ్డల్లేక ఆమె ఇంకా ఏడుస్తోంది. నా లోపల బిడ్డ గోరంత ఉంటుందేమో. దాన్ని కాపాడమని మదర్ అడుగుతోంది, కాపాడేది ఆ తలుపు వెనకుంది, ఈమె చేతులే నన్ను కదలనివ్వడం లేదు. పైకి లేచానంటే ఈ బిడ్డ కబురు, ఆ జబ్బు కబురు, రెండూ కలిపి ఊరేగుతాయి. లేవకపోతే గుట్టు నాది, జబ్బు బిడ్డది.

హన్నా గుడి గడప తొక్కింది.

"పసుపు పద్నాలుగు, ఆఖరుసారి!"

"ఆమెన్" అన్నాను, గట్టిగా.

మదర్ ప్రార్థనని మధ్యలోనే నేను ఆమెన్ చెప్పి ముగించడం! హాలంతా కళ్ళు తెరిచింది. మదర్ నోరు హన్నా దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది. చెయ్యి లాక్కున్నాను. పిప్పరమెంటూ పసుపు చీటీ రెండూ ఆమె ఒళ్ళో పడ్డాయి. చీటీ తీసుకుని, బండి పక్కకి నెట్టి, హాలు అడ్డంగా దాటి ఎడమవైపుకి నడిచాను. పదకొండు అడుగులు. లెక్కపెట్టాను.

లోపలి గదిలో నర్సు కోరెట్టా తలుపుకి గడియ వేసింది. "నేను తీస్తే తప్ప ఇక్కడికెవరూ రారు. నువ్వు చెప్పింది బయటికి పోదు. సిగ్గు లేకుండా అడుగుతాను, సిగ్గు లేకుండా చెప్పు. ఈ మూణ్ణెల్లలో ఎంతమందితో?"

"ఒక్కడితో. వాడెంతమందితోనో వాణ్ణడుగు."

ఆమె నవ్వలేదు. "కండోమ్?"

"మొగుడితోనా?"

"ఇక్కడికొచ్చే పెళ్ళైన ఆడవాళ్ళలో సగంమంది ఇదే మాటంటారు తల్లీ."

పుండ్లు, దద్దుర్లు ఉన్నాయా, మందులేవైనా పడవా అని అడిగింది. చేతి నుంచి రక్తం తీసింది. ఒక కప్పిచ్చి మూత్రం పట్టమంది. పుల్లకి దూది చుట్టినట్టుండేది ఒకటిచ్చి, ఎలా తిప్పాలో బొమ్మ చూపించి, తెర వెనక నన్నే తీసుకోమంది. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ గదికి. తీరా చూస్తే ఆ రోజు నన్ను ఎవరూ నొక్కిపట్టని చోటు అదొక్కటే.

"ఫలితాలకి ఆగం. నీకు సోకి ఉండే అవకాశం ఉంది, కడుపుతో ఉన్నావు, ఇవాళే వేసేస్తాను" అంది. పెనిసిలిన్ చెరకు పాకంలా చిక్కగా ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంతో. రెండు పిరుదుల్లోనూ పొడిచింది. పళ్ళు బిగపట్టాను.

"బిడ్డ?"

"తొందరగా వచ్చావు. అది మంచిదే. కానీ మాటివ్వను, రక్తం చూడాలి. మళ్ళీ రావాలి నువ్వు. నీ మొగుడూ వేయించుకోవాలి, అందాకా దగ్గరికి రానీకు."

"మళ్ళీ అంటే ఎప్పుడు?"

"గురువారమే."

నాకు నవ్వొచ్చింది. ఫ్యాక్టరీకి కాగితం కావాలి, పన్ను నొప్పని రాయమన్నాను. "అబద్ధం రాయను. నువ్వు రాయమంటే తప్ప నిజమూ రాయను" అని, ఫలానా టైముకి ఇక్కడికొచ్చిందని మాత్రం రాసి ముద్ర వేసింది.

మందు పడుతుందో లేదో చూడటానికి అరగంట బయట కూర్చోమంది. ఎడమవైపే కూర్చున్నాను, ఒకసారి ఈ పక్కకి, ఒకసారి ఆ పక్కకి ఒరుగుతూ. మదర్ ఓడెల్ బండి తోసుకుంటూ నా ముందు నుంచే పోయింది. తల తిప్పలేదు. ఆదివారానికల్లా చర్చి మొత్తానికి తెలుస్తుంది. చాడీలా తెలియదు. 'మన వెర్లీన్ కోసం ప్రార్థన చేద్దాం' అని తెలుస్తుంది. మా ఊళ్ళో చాడీకి అదే తెల్లటోపీ.

శుక్రవారం పొద్దున షిఫ్టుకి ముందు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాను. నా వెనక ఎనిమిదిమంది, అందరూ రబ్బరు బూట్లతో. కిటికీలో పాయింట్లు రాసే డర్వుడ్. అతను నన్ను వెర్లీన్ అంటాడు, నేనతన్ని మిస్టర్ డర్వుడ్ అనాలి.

"దీని మీద కారణం లేదు వెర్లీన్."

"ముద్రుంది, టైముంది మిస్టర్ డర్వుడ్."

"కారణం లేకపోతే అర పాయింటు. నీకు ఏడవుతాయి. అంతే సంగతి." పెన్ను మూత తీశాడు. "ఇంతకీ దేనికెళ్ళావు?"

వెనక ఎనిమిదిమందీ బూట్లు కదపడం మానేశారు. ఎదురుగా ఈయన, వెనక వాళ్ళు, ఎల్లుండి మదర్. ఎటు తిరిగినా నా కడుపులో సంగతి వేరేవాళ్ళ నోట్లోనే ఉంటుంది. కనీసం ఒక్కసారి నా నోట్లోంచి రానిద్దామనుకున్నాను.

"సిఫిలిస్ కోసం మిస్టర్ డర్వుడ్. మా అమ్మమ్మలు చెడ్డ రక్తం అనేవాళ్ళు. మొగుడు తెచ్చాడు, ఇంజెక్షన్ వేయించుకున్నాను. స్పెల్లింగ్ చెప్పమంటారా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. కంప్యూటర్‌లో ఏదో కొట్టి, కాగితం మీద ముద్ర గుద్ది నా వైపు చూడకుండా తోశాడు. పాయింటు పడలేదు. ఎనిమిదిమందీ నాకు దారిచ్చారు. తగలకుండా, కాస్త ఎక్కువ దారే ఇచ్చారు.

కోళ్లు కోసే లైను మీద నా పక్క స్థలం జెనోబియాది, కిటికీ దగ్గర నా వెనకున్నవాళ్ళలో ఒకతె. రోజూ ఏదో ఒకటి వాగే మనిషి. ఆ పొద్దున గంటసేపు నోరెత్తలేదు. నా కత్తి పక్కన తన కత్తి పెట్టకుండా దూరంగా పెట్టింది. సరే, ఇలాగే ఉండబోతుందన్నమాట అనుకున్నాను. కోళ్లు వస్తూనే ఉన్నాయి. కోస్తూనే ఉన్నాను.

కోళ్లని మోసుకొచ్చే గొలుసుల మోత బాగా పెరిగినప్పుడు ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"ఏ రోజే అది?"

నేను తలెత్తలేదు. సూపర్‌వైజరు చూస్తున్నాడు. "గురువారం. ఒంటిగంటకి. తిన్నగా పోయి ఎడమవైపు కూర్చో."

ఆమె రెండు కోళ్లు కోసింది.

"నువ్వూ వస్తావా?"

"నేనెలాగూ వెళ్ళాలి. నీకెన్ని పాయింట్లున్నాయి?"

"ఆరున్నర."

లైను ఆగలేదు. ఇద్దరం కోస్తూనే ఉన్నాం.