బాక్సరు యజమాని

మా ఊళ్లో ఏటా తిరునాళ్లకు ఎడ్లతో బండలాగుడు పోటీలు పెడతాం. ఈ ఏడు బాక్సర్లకు కూడా ఒక బహుమతి పెట్టారు. మా ఊరి పిల్లలు ఇద్దరు బాక్సింగులో గెలిచి పేపర్లో పడ్డారు. పేపర్లో పడ్డవాళ్ల పక్కన నిలబడితే తామూ పడతామని కమిటీవాళ్ల ఆలోచన. సత్తెనపల్లిలో జిన్నింగు మిల్లు ఉన్న ఒకాయన పాడిగేదెను ఇస్తానన్నాడు. ఈ ఏటి మేటి బాక్సరు ఎవరో కమిటీ తేల్చాలి. గేదె వాళ్లకు.

ఒక బాక్సరు నాగేంద్రబాబు. కమిటీ ప్రెసిడెంటు యలమందకు మేనల్లుడు. గుంటూరులో జిమ్ముకు పోతాడు. రెండో బాక్సరు ఆరాధన. మిరపకోతలకు పోయే జక్రయ్య కూతురు. ఆ పిల్లను రోజూ లీటరు పాలు తాగమన్నాడు కోచ్. ఒళ్లు చేయకపోతే వచ్చే పోటీలకు తీసుకుపోనని చెప్పేశాడు. జక్రయ్య ఇంట్లో పాలు టీలోకే చాలవు. ఆ గేదె వస్తేనే పిల్ల ఆట సాగుతుంది.

బాక్సింగు రూల్సు మాకెవరికీ తెలియవు. అందుకని పాత కరపత్రంలోనే ఎడ్లు అన్నచోటల్లా బాక్సర్లు అని మార్చి అచ్చు వేయించారు. "బాక్సర్లను ముల్లుకర్రతో పొడవరాదు" అని ఉంది. "పళ్లు చూసి వయసు తేల్చిన పిమ్మటే విభాగము నిర్ణయించబడును" అని ఉంది. చదివినవాళ్లెవరూ తప్పు పట్టలేదు. పళ్లు చూడటం మంచిదే అన్నారు.

తేల్చడానికి నలుగురం యలమంద మిరప కల్లంలో కూర్చున్నాం. యలమంద, సర్పంచి సుబ్బరావమ్మ, పోటీలప్పుడు మైకులో చెప్పే మాలిక్, విజిల్ ఊదే నేను. కాయలు ఎండుతున్నాయి. గాలి మా మీదికే కొడుతోంది.

"మావాడు మూడు ఆడాడు, మూడూ గెలిచాడు. ఆ పిల్ల నాలుగాడి ఒకటి ఓడింది. ఇంకేముంది తేల్చేది?" అన్నాడు యలమంద.

"ఎవర్ని గెలిచాడయ్యా?" అంది సుబ్బరావమ్మ. "ఒకడు జొరంతో వచ్చాడు. ఇంకొకడు అసలు రానే రాలా."

"రాలేదంటే భయపడ్డట్టేగా అక్కా? కొట్టకుండా గెలవటం ఇంకా గొప్ప."

మాలిక్ నవ్వాడు. "ఎదుటి జత రాకపోయినా మనం బండ లాగిస్తాం కదన్నా. కదిలించకుండా ఎప్పుడన్నా ప్రైజిచ్చామా?"

"మూడోవాణ్ణి పడగొట్టాడుగా! నాకౌటు!"

"చెమట మీద కాలు జారి పడ్డాడంటగా వాడు."

"ఎవడ్రా ఆ కూత కూసింది?"

"మీ నాగేంద్రే. నవ్వుకుంటా చెప్పాడు."

యలమంద తుమ్మాడు. మళ్లీ అందుకున్నాడు.

"సరే, ఒడ్డూ పొడుగూ మాటేంది? ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టండి. ఆ పిల్ల మావాడి చంకలోకి రాదు."

"పాలపళ్ల దూడల్నీ సీనియర్ ఎడ్లనీ ఒకే బండకి కడతామా అన్నా? ఎవరి బండ వాళ్లది. వాళ్ల బండని ఎంత దూరం లాగారనేగా చూస్తాం."

"ఒంగోల్లో ఆ పిల్ల ఓడిన ఆటే చాలు నాకు," అంది సుబ్బరావమ్మ. "కన్ను వాచి మూసుకుపోయినా కింద పడలా. రెఫరీ ఎత్తింది అవతలి పిల్ల చెయ్యి. జనం లేచింది మాత్రం మన పిల్లకి."

"ఓడినోళ్లకి గేదెనిచ్చి, గెలిచినోళ్లకి పేడిద్దామా?"

పొద్దు నడినెత్తికి వచ్చింది. యలమంద నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పు బుల్లయ్య బాబాయ్."

"ఆరాధన," అన్నాను.

ముగ్గురు అటు, ఒకడు ఇటు. యలమంద కరపత్రం తీసి, ఎక్కడన్నా సందు దొరుకుతుందేమోనని వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది. "బహుమతి బాక్సరు యజమానికి ఇవ్వబడును." ఎడ్ల పోటీల్లో ఎప్పుడూ అంతే. ప్రైజు యజమానికి, దండ ఎద్దుకి.

మనిషి మారిపోయాడు. "కాదులే అక్కా, మీరన్నదే న్యాయం. ఏం పిల్ల! మన పరువు నిలబెట్టింది," అన్నాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. ఆ ఘాటుకు మా అందరికీ కారుతూనే ఉన్నాయి.

కండువాతో తుడుచుకుని అడిగాడు. "మరి ఆ పిల్లకి యజమానెవరు?"

"మనిషికి యజమానేందయ్యా?" అంది సుబ్బరావమ్మ.

"అచ్చులో ఉందక్కా. ఆ పిల్లకి గ్లౌజులు కొనిచ్చిందెవరు? బనీను మీద ఎవరి పేరుంది?"

బనీను మీద ఉన్నది యలమంద పురుగుమందుల షాపు పేరు. నాగేంద్రబాబు బనీను మీద గుంటూరు జిమ్ము పేరు. మేనల్లుడు గెలిస్తే గేదె గుంటూరు పోతుంది.

"అచ్చేసింది మార్చకూడదు. కమిటీకి మాటపోద్ది," అన్నాడు. కరపత్రం కింద సుబ్బరావమ్మ పేరూ ఉంది. ఆమె చూసుకుని ఊరుకుంది. మాలిక్ ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

తిరునాళ్లనాడు మాలిక్ మైకులో కేక పెట్టాడు. "యలమంద గారి బాక్సరు, కుమారి ఆరాధన!" పిల్ల మెడలో దండ వేశారు. గేదె పలుపు యలమంద చేతికిచ్చారు. ఫోటో తీశారు. జక్రయ్య జనంలో నిలబడి నేల చూపులు చూశాడు. జక్రయ్య తల్లి పుల్లమ్మ నా పక్కనే ఉంది.

"మా మామ ఈ యలమందయ్య తాతకాడ పాలేరు. ఆయనతోనే పోయిందనుకున్నా ఆ పాలేరుతనం. బనీను తొడుక్కుని మళ్లా వచ్చిద్దని తెలియలా," అంది.

తెల్లవారి నేను యలమంద ఇంటి ముందు కాయలు గోతాలకెత్తుతున్నాను. పుల్లమ్మ ఆరాధనను వెంటబెట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. పిల్ల భుజాన బట్టల సంచి.

"అయ్యా, నీ బాక్సర్ని తోలుకొచ్చా."

"ఇక్కడికెందుకు పుల్లమ్మా?"

"పందెపు ఎద్దు యజమాని ఇంటికాడ ఉండాలి గానీ కూలోడి ఇంటికాడ ఉంటదా? నీ ఎడ్లకి గుడ్లు, ఉలవలు, ఖర్జూరాలు నువ్వేగా పెట్టేది. దీనికీ పెట్టు. ఎద్దు వెంట మనిషుండాలి గదా, నేనూ ఉంటా."

"అదెట్టా కుదురుద్ది?"

"కుదరకపోతే యజమానిని కాదని ఇక్కడే ఒక ముక్క చెప్పు. పలుపిచ్చెయ్."

కూలీలందరూ గోతాలు వదిలి చూస్తున్నారు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. యలమంద మీసం సర్దుకున్నాడు. "ఉండనీ. ఒక మనిషి తింటే తరిగే ఇల్లా ఇది?" అన్నాడు. సాయంత్రానికి పోతారనుకున్నాడు.

పోలేదు. ఏ వరండాలో పుల్లమ్మ మామ ఎన్నడూ కాలు పెట్టలేదో ఆ వరండాలోనే పుల్లమ్మ మంచం వేయించుకుంది. ఆరాధన పత్తిగింజల బస్తా దూలానికి కట్టించి, కోడి కూయకముందే గుద్దడం మొదలుపెట్టేది. గోడమీద పెద్దల పటాలు ఒక్కొక్కటే రాలాయి. పొద్దున అరడజను గుడ్లు, మధ్యాహ్నం కోడికూర. గేదె పాలన్నీ పిల్లకే పోయాయి. యలమంద కాఫీ నల్లగా తాగాడు. భార్య లక్ష్మీదుర్గ రెండు రోజులు వండి మూడోనాడు గరిటె ఆయన చేతిలో పెట్టింది. "మీ ఎద్దుకి మీరే వండి పెట్టుకోండి," అంది.

ఆ పూటే నాగేంద్రబాబు వచ్చాడు. కంచంలోకి చూశాడు. "మామయ్యా, మా జిమ్ములో ఇంత తిండి పెట్టరు. నేనూ ఇక్కడే ఉండి ప్రాక్టీసు చేస్తా," అన్నాడు.

మర్నాడు యలమంద గేదెను తనే పట్టుకుని జక్రయ్య ఇంటికి బయల్దేరాడు. వెనకనుంచి అదిలించడానికి నన్ను రమ్మన్నాడు. దారిలో అడిగినవాళ్లకల్లా "పేదోళ్లకి దానం చేస్తన్నా" అని చెప్పాడు. పుల్లమ్మ, ఆరాధన సంచి తీసుకుని మా ముందే నడిచారు.

పలుపు జక్రయ్య చేతిలో పెట్టి, "నా పిల్లనుకునే ఇస్తన్నా రా జక్రయ్యా," అన్నాడు.

పుల్లమ్మ గేదె చుట్టూ తిరిగింది. "దూడేదయ్యా?"

"దూడ ఎందుకు? అది మా కొట్టంలో ఉంటదిలే."

"దూడ మూతి పెట్టకుండా గేదె చేపుద్దా? పాలెట్టా వస్తయ్?"

గేదె వచ్చిన దారివైపు తిరిగి అరిచింది. ఆరాధన దించిన సంచి మళ్లీ భుజానికెత్తుకుంది.

"పద నాయనమ్మా. దూడెక్కడుంటే మనమూ అక్కడే."

"ఉండమ్మా, ఉండు తల్లీ! తోలుకొస్తా!" అని యలమంద ఆ ఎండలో చెప్పులు టపటపలాడించుకుంటూ వెనక్కి పరిగెత్తాడు.