దొర బండి ఎక్కిన గుమాస్తా

ఉదయగిరి కచేరీలో హెడ్డు గుమాస్తా పెంచలనరసయ్య పుట్టి బుద్ధెరిగినాక పరిగెత్తింది లేదు. పరుగులు బంట్రోతులకే గాని గుమాస్తాలకు తగవని ఆయన నమ్మకం. అలాంటి మనిషి ధాత నామ సంవత్సరపు కరువు పోయిన మరుసటేడు ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నంపూట, ఆత్మకూరు బాట మీద గుర్రం కన్నా వేగంగా పోయి బోర్లా పడ్డాడు.

దీనికంతటికీ కారణం దొర బండి. బాటల పని చూసే దొర ఒకడు దాన్ని చెన్నపట్నం నుంచి తెప్పించుకున్నాడు. ముందు మనిషెత్తు చక్రం, దాని వెనక చేటంత చక్రం, పైన పిల్లి కూర్చోను చాలని తోలుపీట. దొరకు చలిజ్వరం తగిలి నెల్లూరు పోతూ, "ఎవరూ దీన్ని ముట్టుకోకూడదు, జవాబుదారీ నీదే" అని నరసయ్యకు అప్పజెప్పాడు. ఎవరూ ముట్టుకోకుండా కాయాలంటే రోజూ దాన్ని చూస్తూ కూర్చోవాలి కదా. పది రోజులు చూసేసరికి ఆయనకు దాన్ని ఎక్కి చూడాలని బుద్ధి పుట్టింది.

పదకొండోనాడు తహసీల్దారు ఆత్మకూరు పోయినాడు. బంట్రోతులు నీడపట్టున గురక పెడుతున్నారు. నరసయ్య పంచె గోచీ బిగించి, బండిని బాటమీదికి తోసుకుపోయి, పిట్టగోడ మీదినుంచి పీట ఎక్కాడు. అక్కడినుంచి బాట పల్లం. ఆయన తొక్కింది లేదు, తొక్కాల్సిన పనీ పడలేదు. తలపాగా మొదటి పది బారల్లోనే ఎగిరిపోయింది. బండిని ఎట్లా ఆపాలో దొర చెప్పలేదన్న సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. ఎదురుగా బాట నడుమ ఒక ఎనుము పడుకుని నెమరేస్తోంది. అది లేవలేదు. నరసయ్యే లేచాడు, గాల్లోకి.

మోకాళ్లు, మోచేతులు, అరిచేతులు, గడ్డం, అన్నీ కంకరమీద ఈడ్చుకుపోయాయి. చివర్న రేగు కంప ఆయన్ని ఆపింది. కాసేపటికి లేచి, బండిని కంపచాటుకు ఈడ్చి, ఒళ్లంతా నెత్తురుతో ఇంటిదారి పట్టాడు. వీధిలో అడిగినవాళ్లందరికీ ఒకటే మాట: "ఎలుగ్గొడ్డు."

ఎలుగ్గొడ్డుతో కలబడి వచ్చినవాడికి పరువు పెరుగుతుందే గాని తగ్గదు. సాయంత్రానికి అరుగు నిండా జనం. ఎలుగు ఎంత ఎత్తని అడిగితే ఆయన చెయ్యెత్తి చూపించాడు. అడిగినవాళ్లు మారేకొద్దీ చెయ్యి పైకి పోయింది.

అప్పుడు వచ్చాడు నాటువైద్యుడు చెంచయ్య. గాయాలు ఒక్కొక్కటే తట్టి చూశాడు.

"ఎలుగు గోరు విషం అయ్యా. తెల్లారేలోగా గుండెకు ఎక్కతాది. గాయానికొక వాత పెట్టాల. పదకొండు ఉండాయి."

కొడవలి పొయ్యిలో పెట్టించాడు. అది ఎర్రబడేకొద్దీ నరసయ్య తెల్లబడ్డాడు.

"చెంచయ్యా, ఎలుగు కాదురా. దొర బండెక్కి పడినాను."

చెంచయ్య జాలిగా చూశాడు. "రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి పెట్టుకొని ఏ బండైనా నిలబడతాదా? విషం అప్పుడే తలకెక్కినాది. నడినెత్తిన ఇంకొకటి వెయ్యాల. పట్టుకోండి!"

నలుగురు పట్టుకున్నారు. అంతలో ఆయన భార్య నాగేశ్వరమ్మ దీపం తెచ్చి మొగుడి అరచేతి దగ్గర పెట్టి చూసింది.

"ఎలుగు గోళ్లల్లో కంకర ఉంటాదా చెంచయ్యా?" అంది. "ఆ కొడవలి తీసుకొని మర్యాదగా ఇంటికి పో."

మర్నాటికి మోకాళ్లు బూరెల్లా పొంగాయి. నాగేశ్వరమ్మ కొత్తగా కిరస్తానంలో కలిసిన రెబెకమ్మకు కబురు చేసింది. నెల్లూరులో మిషను దొరసాని దగ్గర రెబెకమ్మ పుండ్లు కడగడం నేర్చుకునొచ్చింది. ఆమె గడపలో కాలు పెట్టగానే నరసయ్య గోడకు జరిగాడు.

"ముట్టుకోకుండా చెయ్యి."

"ముట్టుకోకుండా అయితే మా దేవుడొక్కడే చేస్తాడు సామీ. నాకంత చాతకాదు" అంది రెబెకమ్మ.

నాగేశ్వరమ్మ ముసిముసిగా నవ్వింది. "మడి ముందు పోవాలా, కాలు ముందు పోవాలా, మీరే చెప్పండి."

ఆయన పంచె మోకాళ్లపైకి జరుపుకున్నాడు. రెబెకమ్మ కాగిన నీళ్లు చల్లార్చి, సబ్బుతో కడిగి, సూది మొనతో రాళ్లు ఒక్కొక్కటే తీసి మూకుట్లో వేయసాగింది. టక్కు, టక్కు. నరసయ్య ప్రతి రాయికీ ఒక దేవుణ్ణి పిలిచాడు.

"ఇవి నేను కొట్టిన రాళ్లే సామీ" అంది ఆమె, తల ఎత్తకుండా. "కరువులో గంజి కోసం ఆ బాట మీదనే కొట్టినాను. లావుగా ఉండాయి, ఇంకా సన్నంగా కొట్టమని మీరే మూడుసార్లు తిప్పి పంపినారు. ఆ లావురాళ్లే ఉంటే ఇంత లోతుకు దిగుండేవి కాదు."

నరసయ్యకు ఆ ఎండ గుర్తొచ్చింది. గొడుగు కింద నిలబడి కర్రతో రాళ్లు కెలికిన తన చెయ్యి గుర్తొచ్చింది. కొట్టినవాళ్ల మొహం ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ తర్వాత సూది దిగినా ఆయన అరవలేదు.

కట్లు కట్టి, "మూడు దినాలు నీళ్లు తగలకూడదు" అని చెప్పి లేచింది.

"మరి మైల స్నానం?"

"చేస్తే చీము పడతాది. తర్వాత మీ ఇష్టం."

మూడు రోజులూ ఆయన మైలతో బయట అరుగుమీదే ఉన్నాడు. అన్నం అక్కడికే, నాగేశ్వరమ్మ విసుర్లూ అక్కడికే. కంపచాటున దాచిన బండిని తెప్పించి, వంగిపోయిన చేతికమ్మిని ఆత్మకూరులో కమ్మరి మాల్యాద్రి చేత సాపు చేయించారు. దొర తిరిగొచ్చి, సుత్తి దెబ్బలు చూసి, నరసయ్య కట్లు చూశాడు. ఉద్యోగం పోయిందనుకుని నరసయ్య కట్ల చేతులే జోడించాడు. దొర తన చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు నుంచి మోచేతిదాకా ఈడ్చుకుపోయిన పాతమచ్చ. "చెన్నపట్నంలో," అని చెప్పి లోపలికి పోయాడు.

పక్కులు రాలేనాటికి రెబెకమ్మ చివరిసారి వచ్చింది. ఈసారి నరసయ్య తనే చెయ్యి చాపాడు. ఆమె తిప్పి చూసి, బాగుందన్నట్టు తలూపింది. లేవబోయి ఆగింది.

"సామీ, ఒక మాట అడగనా? పడకముందు ఎట్టుండినాది?"

ఇన్నాళ్లలో అందరూ పడ్డ సంగతే అడిగారు. నరసయ్య చుట్టూ చూశాడు. నాగేశ్వరమ్మ పెరట్లో ఉంది.

"గాలి చొక్కాలో దూరి పైకెత్తినట్టుండినాది. నాకు నలభై రెండేళ్లు, ముగ్గురు బిడ్డలు, పైన తహసీల్దారు. ఆ పల్లంలో ఇదేమీ గుర్తు లేదు," అన్నాడు. "నోట్లోంచి ఏదో కేక కూడా వచ్చినాది. భయమో ఏందో అనుకున్నాను. కాదు."

రెబెకమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఆయనా నవ్వాడు. కొత్తచర్మం పట్టిన గడ్డం చురుక్కుమంది.