ఇవాళ ఏం కూర?

నేను ఒక అరుగుని. ఇటుకా సున్నమూ లేని అరుగుని. ఇంటర్నెట్‌లో నలుగురూ చేరి రాసుకునే చోటుని. 2009 జూన్ పద్నాలుగు, ఆదివారం నాడు పుట్టాను. ఆ రోజు తెనాలిలో ఇందుమతి గారింట్లో బీరకాయ పప్పు, గుమ్మడి వడియాలు. ఎలా తెలుసంటే, తన వంటల వెబ్‌సైటు పక్కన నన్ను తెరిచి ఆవిడ రాసిన మొదటి మాటే అది. చివర "మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?" అని అడిగారు.

జవాబు చెప్పడానికి జనం వచ్చారు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఎదురింటివాళ్లు అడిగితే "ఏదో ఉడకేశాం లెండి" అని తప్పించుకుంటారు. ముఖం తెలియనివాళ్లకు మాత్రం పోపులో వేసిన ఎండుమిరపకాయలతో సహా చెబుతారు.

కాకినాడ నుంచి కామేశ్వరి గారు రోజూ వచ్చేవారు. కూర పేరు, చేసిన విధానం, చివర ఎప్పుడూ ఒకటే మాట: "వంటింటి తలుపు వేశాను." అది పడితే అందరూ లేచేవారు.

ఉన్నట్టుండి ఆవిడ రావడం మానేశారు. పాలకొల్లు మాణిక్యాంబ గారు ఊరుకునే మనిషి కాదు. "కామేశ్వరొదినా, అలిగావా? ఇవాళ ఏం కూర?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక సాయంత్రం కామేశ్వరి గారి పేరుతోనే, ఆవిడ కంప్యూటర్ నుంచే ఎవరో వచ్చారు. ఆవిడ వేళ్లు చినుకుల్లా పడేవి; ఇవి ఒక్కో అక్షరాన్నీ వెతుక్కున్నాయి. "నేను ఆమె భర్త సాంబమూర్తిని. ఆమె పోయింది" అని రాశాయి. పంపకుండా చెరిపేశాయి. చాలాసేపటికి "చారు" అని మాత్రం వచ్చింది.

మర్నాడు మాణిక్యాంబ గారు మళ్లీ అడిగారు. సాంబమూర్తి గారు వండని కూర వండానని రాయలేని మనిషి. "వంకాయ" అని రాసి, చెరిపి, భార్య పాత రాతల్లో వంకాయ కూర వెతికి చదువుకుని వెళ్లారు. పొద్దుగూకాక తిరిగొచ్చి మళ్లీ "వంకాయ" అని రాశారు. కింద "కొంచెం మాడింది." అడిగేవాళ్లున్నారు గనక వండుకున్నారు, వండుకున్నారు గనక తిన్నారు. ఆమె చివరి మాట మాత్రం ఎన్నడూ రాయలేదు.

తర్వాత నాలోకి అప్పులిచ్చేవాళ్లూ, జుట్టు నూనెలు అమ్మేవాళ్లూ చొరబడ్డారు. వాళ్ల చెత్త ఊడ్చి ఊడ్చి ఇందుమతి గారు విసిగిపోయారు. "ఒకటో తేదీ నుంచి ఈ అరుగు, వెబ్‌సైటుకు చందా కట్టిన సభ్యులకే. చదవాలన్నా అంతే. ఎవరి పేరుతో, ఎవరి ఫోను నంబరుతో వాళ్లే చేరాలి" అని ప్రకటించారు. ఆవిడనీ తప్పు పట్టలేను. కానీ అరుగుకు తలుపేమిటో నాకు అర్థం కాలేదు.

సాంబమూర్తి గారికి చందా బరువు కాదు. కానీ కామేశ్వరి గారి ఫోను నంబరు ఆమెతోపాటే ఆగిపోయింది; ఆ పేరుతో ఇక రాలేరు. తన పేరుతో వస్తే నిజం చెప్పాలి. చెబితే ఇక్కడ కూడా ఆమె పోయినట్టే. ఊరుకుంటే ఆమె రాతలూ దక్కవు, అడిగే మనిషీ దక్కదు.

ఒకటో తేదీ వచ్చింది. దారిన పోయేవాళ్లు గుమ్మం దాకా వచ్చి, చందా మాట చూసి వెనుదిరుగుతున్నారు. పాతవాళ్లలో మిగిలింది ఏ కొద్దిమందో. ఇంత నిశ్శబ్దం నేనెరగను. వెళ్లినవాళ్లు ఇవాళ ఏం తిన్నారో అని ఊరికే అనుకుంటూ ఉండేదాన్ని.

కొన్నాళ్లకు, దీపాలు పెట్టే వేళ, ఒక కొత్త పేరు లోపలికొచ్చింది: సాంబమూర్తి, కాకినాడ. వేళ్లను గుర్తుపట్టాను.

"నేను కామేశ్వరి భర్తను. ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఆ పేరుతో రాసింది నేనే. క్షమించండి."

ఈసారి చెరపలేదు.

మాణిక్యాంబ గారు అక్కడే ఉన్నారు. "తెలుసు అన్నయ్యగారూ. మా వదిన వంకాయ మాడ్చే మనిషా?"

"తెలిసీ రోజూ ఎందుకడిగారమ్మా?"

"అడక్కపోతే మీరు పొయ్యి వెలిగిస్తారా? సర్లెండి, ఇవాళ ఏం కూర?"

వేళ్లు మళ్లీ అక్షరాలు వెతుక్కున్నాయి. తర్వాత, "ఆనపకాయ పులుసు. పోపు మాడలేదు."

"అమ్మో! వదిన ఉంటే మీకు దిష్టి తీసేది."

ఆ రాత్రి ఇంకెవరూ రాలేదు. మాణిక్యాంబ గారు కూడా వెళ్లిపోయారు. ఖాళీ అరుగు మీద ఆయనొక్కరే కాసేపు ఉండి, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ, రెండేళ్లుగా ఎవరూ రాయని మాట రాశారు.

"వంటింటి తలుపు వేశాను."